పాఠకురాలిని వెదుక్కుంటూ వీర్నపల్లికి

కొత్త పత్రిక ఒకదానిని ఊహించి, దాని నమూనా సంచికను తయారుచేయాలి. జర్నలిజం చదువుతున్న మా ముగ్గురు విద్యార్థినులకు చివరి సెమిస్టర్‌లో అప్పగించిన పని ఇది. పత్రిక పేరు, శీర్షికలు, పుటల సంఖ్య, ధర, అది ఎవరి చేతికి చేరాలన్న విషయం, అన్నీ మేమే నిర్ణయించాలి.

మొదట యువతుల కోసం ఒక రంగుల మాసపత్రికను ఊహించాము. వస్త్రాలు, వంటలు, పోటీ పరీక్షలు, ప్రముఖులతో ముఖాముఖి. ముఖచిత్రం చూసి మాకు మేమే మురిసిపోయాము. మా అధ్యాపకులు పుటలన్నీ తిరగేసి ఒకే ప్రశ్న వేశారు: "దీన్ని చదివే మనిషిని ఒక్కరిని నాకు చూపించగలరా?" మా వద్ద సమాధానం లేకపోయింది.

ఆ సమాధానం కోసమే రాజన్న సిరిసిల్ల జిల్లాలోని వీర్నపల్లికి వెళ్లాము. అది మాలో ఒకరి సొంత ఊరు. జుహర్ నమాజు తర్వాత మా ఖాలా ఇంటి వసారాలో ఇరుగుపొరుగు స్త్రీలు చేటలు ఒడిలో పెట్టుకొని బీడీలు చుడుతున్నారు. తునికాకు కత్తిరించి, తంబాకు నింపి, దారం చుట్టే ఆ చేతులకు క్షణం తీరిక లేదు. మా నమూనాను అందుకోవడానికి ఏ చేయీ ఖాళీగా లేదు.

ఖాలా అన్నారు: "బేటా, నువ్వే చదువు. మేము వింటాము."

చదివాము. రెండు వ్యాసాలు ముగిశాక ఆమె అడిగారు: "బాగుంది బేటా. ఇందులో మన ఇంటి మాట ఒక్కటైనా ఉందా?"

ఆ ఇళ్లలో మాట్లాడేది ఉర్దూ. పిల్లలు బడిలో చదివేది తెలుగు. ఉర్దూ అక్షరాలు చదవగల పెద్దలు తగ్గిపోతున్నారు. కొడుకులు, భర్తలు గల్ఫ్ దేశాల్లో ఉన్నారు. అక్కడికి సంబంధించిన వార్తలు ఏజెంటు నోటి ద్వారానో, సెల్‌ఫోనులోనో వస్తాయి. అందులో ఏది నిజమో తేల్చి చెప్పేవారు లేరు. మా పత్రికకు పాఠకురాలు దొరికిందని అప్పుడు తెలిసింది.

తిరిగివచ్చి, మునుపటివారు పత్రికలను ఎలా ప్రారంభించారో చదివాము. 1898లో లాహోర్‌లో ముహమ్మదీ బేగం, ఆమె భర్త సయ్యద్ ముంతాజ్ అలీ 'తహ్‌జీబె నిస్వాన్' అనే ఉర్దూ వారపత్రికను ప్రారంభించారు. పర్దాలో ఉన్న స్త్రీ కూడా చదవగలదు, రాయగలదు అన్న నమ్మకమే దానికి పునాది. సంపాదకత్వం వహించే నాటికి ఆమె వయస్సు 20 ఏళ్లే. మౌలానా అబుల్ కలాం ఆజాద్ 'లిసానుస్సిద్ఖ్' పత్రికను 1903లో ప్రారంభించినప్పుడు ఆయనకు 15 ఏళ్లు. మన ప్రాంతానికి వస్తే, తెలంగాణలో కవులు లేరన్న మాటకు సమాధానంగా సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవులతో 'గోలకొండ కవుల సంచిక' వెలువరించారు. వీరంతా ముందు మనుషులను చూశారు, ఆ తర్వాతే పుటలను కూర్చారు.

మేము రెండవ నమూనాను సిద్ధం చేశాము. ఒకరు చదువుతుంటే పదిమంది వినే పత్రిక అది. పెద్ద అక్షరాలు, చిన్న వాక్యాలు. ఎనిమిదో తరగతి బాలిక తడుముకోకుండా చదవగలగాలి. బీడీలు చుట్టేవారి భవిష్యనిధి వివరాలకు ఒక పుట, తంబాకు దుమ్ము వల్ల వచ్చే దగ్గు గురించి ఒకటి, గల్ఫ్ ప్రయాణానికి ఒకటి కేటాయించాము.

అక్కడే పొరపాటు చేశాము. ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద ప్రమాదంలో మరణిస్తే 10 లక్షల రూపాయల బీమా లభిస్తుందని విని, "గల్ఫ్ వెళ్లే ప్రతి ఒక్కరికీ" అని రాసేశాము. వసారాలో అది చదవగానే ఒక తల్లి ముఖం వెలిగింది. ఆమె కొడుకు ఆ నెలలోనే విజిట్ వీసాపై పనికి బయలుదేరుతున్నాడు. "అయితే మా వాడికి భయం లేదు" అన్నదామె.

ఆ మాట మమ్మల్ని నిద్రపోనివ్వలేదు. మరునాడు నిబంధనలు వెదికి చదివాము. పదవ తరగతి ఉత్తీర్ణులు కాని శ్రామికులకు సాధారణంగా ఇసిఆర్ పాస్‌పోర్టు ఉంటుంది. దానితో గల్ఫ్‌కు ఉద్యోగ వీసాపై వెళ్లేటప్పుడు ప్రభుత్వ వలస అనుమతి పొందాలి. ఈ బీమా ఆ అనుమతితో ముడిపడినది. విజిట్ వీసాపై పనికి వెళ్లేవారు ఆ అనుమతిని దాటిపోతారు, దానితోపాటు రక్షణనూ కోల్పోతారు.

వెంటనే వీర్నపల్లికి వెళ్లి, మా తప్పును ఆ తల్లి ముందు ఒప్పుకున్నాము. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత కొడుకును పిలిచి, మా కాగితాన్ని అతని చేత మళ్లీ చదివించింది. ఉద్యోగ వీసా ఇస్తేనే వెళ్తానని ఏజెంటుతో చెప్పమన్నది. అతను ఏం నిర్ణయించుకున్నాడో మేము అడగలేదు.

వార్త అందినప్పుడు దాన్ని విచారించి తెలుసుకోవాలని, లేకుంటే తెలియక ఇతరులకు హాని చేసి పశ్చాత్తాపపడతామని దివ్యఖుర్ఆన్ అల్ హుజురాత్ సూరా 6వ ఆయత్‌లో బోధిస్తుంది. అంతవరకు దాన్ని వార్త తెచ్చేవారి గురించిన హెచ్చరికగానే చదివాము. ఆ రోజు వార్త తెచ్చినవారము మేమే.

నమూనా సంచికకు మార్కులు వచ్చాయి. దాన్ని నిజంగా అచ్చువేసే స్తోమత మాకింకా లేదు. అయినా నెలకొకసారి నాలుగు పుటలు జిరాక్స్ తీసి ఆ వసారాకు పంపుతున్నాము. మొదటి పుటలో పైభాగాన ఒక గడి ఉంటుంది: "గత నెల మేము తప్పు రాసింది." అందరికంటే ముందు ఖాలా అదే చదివించుకుంటారట.