పంటి నొప్పి కాని పంటి నొప్పి

ఎలుకలున్నవని ఇల్లు తగులబెట్టుకొనరాదని పెద్దలు చెప్పుదురు. నొప్పి పుట్టినదని వెంటనే పన్ను పీకించుకొనుట కూడ ఒక్కొక్కప్పుడు అట్టి పనియే అగును. ముఖమునందును, నోటియందును కలుగు ప్రతి నొప్పికి పన్నే కారణము కాదు. ఈ సంగతిని తోటి విద్యార్థులకును, కళాశాల పాలకవర్గమువారికిని విన్నవించుటకే మేము ఈ వ్యాసమునకు పూనుకొన్నాము.

మన సనత్‌నగర్ కార్ఖానాలకు, కార్మికులకు పేరుపడిన ప్రాంతము. ఇచ్చటి కార్మికుడొకనిని ఊహించుకొందము. ముఖము కడుగుకొనునపుడెల్ల అతని ఎడమ దవడలో మెరుపువంటి నొప్పి. పన్ను తీయించెను, నొప్పి పోలేదు. ప్రక్క పన్నును తీయించెను, అదియు వ్యర్థమే. పళ్ళు పోయినవి, కూలి పోయినది, నొప్పి మాత్రము నిలిచినది. ఇది మేము కల్పించిన ఉదాహరణమే. ఐనను ఇట్టి రోగులు దంతవైద్యులకు క్రొత్తవారు కారు.

ఈ పొరపాటు ఎట్లు కలుగును? ముఖమునకు స్పర్శజ్ఞానము నిచ్చునది త్రిధార నాడి. దాని మూడు శాఖలలో ఒకటి నుదురు, కన్నులకును, ఒకటి పై దవడకును, ఒకటి క్రింది దవడకును పోవును. పళ్ళు, ముక్కు ప్రక్కనున్న గాలి గదులు, దవడ కీలు, నమలు కండరములు, అన్నియు ఈ నాడి ద్వారముననే మెదడుకు కబురు పంపును. దారి ఒకటే గనుక, కబురు ఏ యింటినుండి వచ్చినదో మెదడు ఒక్కొక్కప్పుడు తప్పుగా గ్రహించును.

కావున నిపుణుడైన వైద్యుడు పనిముట్టు పట్టుటకు ముందు ప్రశ్న వేయును. నొప్పి ఎట్టిది? ఎంతసేపు ఉండును? దేనివలన పుట్టును? దేనివలన తగ్గును? చల్లనీటికి జివ్వుమని వెంటనే పోయిన, పంటి పైపొర అరిగియుండవచ్చును. రాత్రివేళ నిద్రపట్టనీయక సలిపిన, పంటిలోని గుజ్జు వాచియుండవచ్చును. పై పళ్ళన్నియు బరువెక్కి, వంగినపుడు నొప్పి హెచ్చిన, జలుబుతో నిండిన గాలి గదులను అనుమానింపవలెను. ఉదయము లేచుసరికి దవడ బిగిసి పీకుచున్న, నిద్రలో పళ్ళు బిగించు అలవాటును విచారింపవలెను. గాలి తగిలినను, మాటాడినను కరెంటు షాకు వలె కొట్టి, రెండు నిమిషములకు మించక మాయమగు నొప్పి త్రిధార నాడీశూల లక్షణము.

పిమ్మట పరీక్షలు. పన్నును తట్టి, చల్లదనము తాకించి, కొరికించి, కండరములు నొక్కి, ఎక్స్‌రే తీసి చూతురు. మత్తుమందు ఇచ్చి చూచుటయు కలదు. మత్తు బాగుగ పట్టినను నొప్పి తగ్గనిచో మూలమును వేరొక చోట వెదకవలెను. నొప్పి తగ్గినంత మాత్రమున పన్నే దోషియని తేల్చరాదు. నాడీశూలయు మత్తుకు తాత్కాలికముగ లొంగగలదు.

నోటి మంట మరియొక చిక్కు. రక్తహీనత, బి12 లోపము, మధుమేహము, బూజు తెగులు, వక్క, గుట్కాల వలన నోరు బిగియు వ్యాధి, వీనినన్నిటిని ముందు విచారింపవలెను. ఏ కారణమును కానరాక, దినమునకు రెండు గంటలకు పైగా, మూడు నెలలు దాటి మంట నిలిచినపుడే దానిని ప్రత్యేక వ్యాధిగ 2020 నాటి అంతర్జాతీయ వర్గీకరణము గుర్తించుచున్నది. కారణము కానరాలేదనుట నొప్పి అబద్ధమనుట కాదు.

కొన్ని సూచనలు ఆలస్యమును సహింపవు. నడచినపుడు పుట్టి, విశ్రాంతితో తగ్గు దవడ నొప్పి గుండెజబ్బు కావచ్చును. ఏబది యేండ్లు దాటినవారికి నమలునపుడు దవడ నొప్పి, క్రొత్త తలనొప్పి, చూపు మసక కలిగిన తక్షణము ఆసుపత్రికి పోవలెను. రెండు వారములు దాటినను మానని పుండు, ముఖమున తిమ్మిరి కూడ ఉపేక్షింపరానివి.

పండ్రెండవ శతాబ్దిలో గతించిన పారశీక వైద్యుడు జుర్జానీ, ఒక ప్రక్క దవడను పట్టు ఇట్టి బాధకు నాడి ప్రక్కన రక్తనాళముండుటయే హేతువని వ్రాసెనట. ఇరువదవ శతాబ్దిలో అమెరికా శస్త్రవైద్యుడు పీటర్ జానెట్టా నాడిని ఒత్తు నాళమును తొలగించు చికిత్సకు వ్యాప్తి కల్పించెను. 1962 నుండి కార్బమజపీన్ అను మందు ఈ శూలకు వాడుకలోనున్నది. ఐతే దానిని వైద్యుని పర్యవేక్షణలోనే వాడవలెను; ఒంటిపై దద్దురు లేచిన వెంటనే వైద్యుని చూడవలెను.

భీమా గల కార్మికులకు సనత్‌నగర్ ఈఎస్ఐ ఆసుపత్రియు, నాడీవ్యాధులకు పంజగుట్టలో నిమ్స్, దంతపరీక్షకు అఫ్జల్‌గంజ్ ప్రభుత్వ దంతవైద్య కళాశాలయు కలవు. కాని రోగి తన బాధను చెప్పుకొనలేనిచో ఎంత పెద్ద ఆసుపత్రియైనను ఏమి చేయును? మన యిండ్లలో ఒకరు "సలుపు" అందురు, ఒకరు "టీస్" అందురు. ఒకరు "మంట" అందురు, ఒకరు "జలన్" అందురు. ఈ మాటలలోనే సగము రోగనిర్ణయము దాగియున్నది. ఉభయ భాషలు నేర్చిన మనము వృద్ధుల వెంట పోయి, వారి మాటను మార్చక వైద్యునికి చేర్చినచో, ఒక పన్నునైనను కాపాడినవారమగుదుము. పాలకవర్గమువారు పై ప్రశ్నలను తెలుగు, ఉర్దూలలో ఒక పత్రముగ అచ్చొత్తించి పంచినచో మేము ఇంటింటికి చేర్చుటకు సిద్ధముగ నున్నాము.