తెర మీద రంగులు... తెర వెనుక ఆటగాడు!

టికెట్టు కోసం వివరాలు నింపుతుంటే ఫోన్‌ నంబరులో ఒక అంకె తగ్గింది. అంతే... గడి చుట్టూ ఎర్రగీత! సరిచేయగానే అది కాస్తా ఆకుపచ్చగా మారిపోయింది. వార్తలు చదువుతూ ‘అ+’ గుర్తు మీద నొక్కితే అక్షరాలు తాతగారి కళ్లకు ఆనేంత పెద్దవయ్యాయి. చందమామ గుర్తును ముట్టుకుంటే తెల్లటి పేజీ నల్లబడింది. పేజీ మళ్లీ మొదటినుంచి తెరుచుకోలేదు. ఉన్నచోటే ఉండి వేషం మార్చేసింది. ఇంతకీ ఈ వేషాలు వేయించేదెవరు?

వెబ్‌పేజీ గుట్టు తెలియాలంటే తోలుబొమ్మలాటను గుర్తుచేసుకుంటే చాలు. తోలు కత్తిరించి చేసిన బొమ్మ లాంటిది హెచ్‌టీఎంఎల్‌. ఇది శీర్షిక, ఇది పేరా, ఇది బొమ్మ, ఇది మీట అని చెప్పడం వరకే దాని పని. బొమ్మకు పూసే రంగులూ పెట్టే నగలూ సీఎస్‌ఎస్‌. తెర వెనుక నిలబడి ఆడించే వ్యక్తి జావాస్క్రిప్ట్‌. ఒక్కటే తేడా. తోలుబొమ్మలాటలో సీతమ్మ చీర రంగు ఆట మధ్యలో మారదు. ఇక్కడ మాత్రం ఆటగాడి చేతిలో కుంచె కూడా ఉంటుంది!

పది రోజుల్లో పుట్టింది

టిమ్‌ బెర్నర్స్‌ లీ 1989లో జెనీవా దగ్గరి సెర్న్‌ పరిశోధనశాలలో వెబ్‌ ఆలోచనకు ప్రాణం పోశారు. తొలినాటి పేజీల్లో అక్షరాలే తప్ప ఆర్భాటం లేదు. పేజీలో విషయం వేరు, దాని అలంకారం వేరుగా ఉండాలంటూ 1994 అక్టోబరులో అదే సెర్న్‌లో పనిచేస్తున్న హోకన్‌ వియుమ్‌ లీ ఓ ప్రతిపాదన చేశారు. నెదర్లాండ్స్‌కు చెందిన బెర్ట్‌ బాస్‌ ఆయనతో చేయికలిపారు. అదే 1996 డిసెంబరు నాటికి సీఎస్‌ఎస్‌ పేరుతో ప్రమాణంగా మారింది.

మరి జావాస్క్రిప్ట్‌? దాని పుట్టుక ఇంకా చిత్రం. 1995 మే నెలలో నెట్‌స్కేప్‌ కంపెనీలో బ్రెండన్‌ ఐక్‌ దాని తొలి రూపాన్ని పది రోజుల్లో తయారుచేశారు. మొదట మోకా అన్నారు, తర్వాత లైవ్‌స్క్రిప్ట్‌ అన్నారు. ఆ ఏడాది డిసెంబరుకు జావాస్క్రిప్ట్‌ అయింది. అప్పట్లో జావా అనే మరో భాష పేరు మారుమోగుతోంది. ఆ ఊపును వాడుకోవడానికి పెట్టిన పేరే తప్ప రెంటికీ దగ్గరి చుట్టరికం లేదు.

ఒకే ఒరలో రెండు కత్తులు

మొదట్లో ఈ ఆటగాడి చేతులు కట్టేసినట్టే ఉండేవి. ఫారంలోని గడులు సరిచూడటం, ఒక బొమ్మ స్థానంలో ఇంకో బొమ్మ పెట్టడం వంటి చిన్న పనులే చేసేవాడు. 1997లో నెట్‌స్కేప్‌, మైక్రోసాఫ్ట్‌ తమ బ్రౌజర్ల నాలుగో కూర్పులు తెచ్చాక కథ మారింది. పేజీ తెరుచుకున్న తర్వాత కూడా దాని రూపు మార్చడం కుదిరింది. చిక్కల్లా రెండు కంపెనీలూ రెండు దారులు పట్టడమే. నెట్‌స్కేప్‌ ‘లేయర్స్‌’ అంటే, మైక్రోసాఫ్ట్‌ ‘ఆల్‌’ అంది. పాపం ప్రోగ్రామర్లు! ఒకే పనికి రెండుసార్లు కోడ్‌ రాయాల్సి వచ్చేది. అలా రాయనివాళ్లు ‘మా పేజీని ఫలానా బ్రౌజర్‌లోనే చూడండి’ అని బోర్డు పెట్టేవారు.

ఈ తగవు తీర్చడానికి వెబ్‌ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ రంగంలోకి దిగింది. పేజీలోని ప్రతి భాగాన్నీ ఒక చెట్టు కొమ్మల్లా చూపించే ‘డామ్‌’ అనే ప్రమాణాన్ని 1998 అక్టోబరులో ప్రకటించింది. అలంకారాన్ని మార్చే పద్ధతులు 2000 నవంబరులో చేరాయి. అయినా తేడాలు ఒక్కరోజులో పోలేదు. మిగిలిన గతుకుల్ని పూడ్చేందుకు 2006లో జాన్‌ రెసిగ్‌ ‘జేక్వెరీ’ని తీసుకొచ్చారు.

కుంచె కదిలేదిలా...

పని చూస్తే చిన్నదే. ప్రతి భాగానికీ ఒక పేరు పెడతారు. స్క్రిప్ట్‌ ఆ పేరుతో పిలుస్తుంది. ‘ఫోన్‌ గడీ, నీ అంచు ఎర్రగా మార్చుకో’ అని చెబుతుంది. బ్రౌజర్‌ ఆ ఒక్క భాగాన్నీ మళ్లీ గీస్తుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు తడబడేది ఒక అడ్డగీత దగ్గర. సీఎస్‌ఎస్‌లో బ్యాక్‌గ్రౌండ్‌కీ కలర్‌కీ నడుమ అడ్డగీత ఉంటుంది. జావాస్క్రిప్ట్‌కు అడ్డగీత అంటే తీసివేత! అందుకే అక్కడ రెండు మాటల్నీ కలిపి రాయాలి.

అనుభవం ఉన్నవాళ్లు మాత్రం భాగం మీద నేరుగా రంగు పూయరు. ‘తప్పు’, ‘ఒప్పు’, ‘రాత్రి’ అంటూ వేషాలు ముందే సీఎస్‌ఎస్‌లో సిద్ధం చేసిపెడతారు. స్క్రిప్ట్‌ వచ్చి వేషం పేరు మాత్రం మారుస్తుంది. రేపు ఎరుపు బదులు నారింజ కావాలంటే ఒక్కచోట మార్చితే సరి. నేరుగా పూసిన రంగయితే మామూలు సీఎస్‌ఎస్‌ నియమాల్ని తొక్కేసి కూర్చుంటుంది. తర్వాత దాన్ని వెతికి తీయడం తలనొప్పి.

రంగు బయటపెట్టిన గుట్టు

రంగులు మార్చగలిగినవాడు రంగుల్ని చూడగలడు కూడా. తంటా అక్కడే వచ్చింది. చూడని లింకు నీలంగా, ఒకసారి చూసినది ఊదాగా కనిపించడం వెబ్‌లో పాత అలవాటు. ఓ మోసకారి వెబ్‌సైటు తన పేజీలో కంటికి కనపడకుండా వందల లింకులు దాచి, ఒక్కోదాని రంగేమిటని స్క్రిప్ట్‌తో అడిగిస్తే? ఊదా అని జవాబొస్తే మీరు అక్కడికి వెళ్లొచ్చినట్టే! మీ బ్యాంకు ఏది, ఏ జబ్బు గురించి వెతికారు, ఏ ఉద్యోగం కోసం చూశారు... అన్నీ గుట్టుచప్పుడు కాకుండా తెలిసిపోయేవి.

ఈ లోపం మొజిల్లా బృందం దృష్టికి 2002 నాటికే వచ్చింది. గట్టి మందు దొరకడానికి మాత్రం 2010 దాకా ఆగాల్సి వచ్చింది. మొజిల్లాకు చెందిన డేవిడ్‌ బేరన్‌ కనిపెట్టిన ఉపాయం తమాషాగా ఉంటుంది. మీ కంటికి ఊదా రంగే చూపించు, స్క్రిప్ట్‌ అడిగితే మాత్రం చూడని లింకు రంగే చెప్పు! అంటే బ్రౌజర్‌తో మంచికోసం అబద్ధం ఆడించారన్నమాట. మిగతా బ్రౌజర్లూ అదే బాట పట్టాయి. 2025లో గూగుల్‌ క్రోమ్‌ మరో అడుగు ముందుకేసింది. ఏ సైటులో నుంచి లింకు నొక్కారో ఆ సైటులోనే అది ఊదాగా కనిపించేలా మార్చింది.

ఎరుపొక్కటే చాలదు

తప్పు జరిగిందని చెప్పడానికి గడిని ఎర్రగా చేస్తే సరిపోతుందా? ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా తెలియనివాళ్లుంటారు. మగవాళ్లలో ఈ సమస్య మరీ ఎక్కువ. చూపు లేనివారు తెరను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌ వాడతారు. దానికి రంగు ఒక్కటే చూపిస్తే ఏం లాభం? అందుకే రంగు మీదే ఆధారపడొద్దని డబ్ల్యూ3సీ 1999లోనే సూచించింది. ఎర్రగీతతో పాటు ‘నంబరులో పది అంకెలు ఉండాలి’ అని మాటల్లో రాస్తేనే ఆ సాయం అందరికీ అందుతుంది.

తెలుగువాళ్లకూ ఈ విద్య అక్కరకొచ్చింది. 2000 తర్వాతి తొలి ఏళ్లలో చాలా తెలుగు పత్రికల సైట్లు దేనికదే సొంత ఫాంటు వాడేవి. ఆ ఫాంటు లేకపోతే తెర మీద అర్థంకాని గుర్తులే! అప్పుడు ఫైర్‌ఫాక్స్‌ బ్రౌజర్‌కు ‘పద్మ’ అనే అదనపు హంగు తోడైంది. పాఠకుడి కంప్యూటర్లోనే ఆ గుర్తుల్ని అప్పటికప్పుడు యూనికోడ్‌ తెలుగులోకి మార్చి చూపించేది.

అన్నీ నమ్మొద్దు!

పాఠకుడి తెర మీద పేజీ మారుతుంది కానీ అసలు సైటులో ఏమీ మారదు. ఈ ఒక్క ముక్కా ఇంటిల్లిపాదీ గుర్తుపెట్టుకోవాలి. ఇంట్లో కంప్యూటర్‌ ఉంటే చేసి చూడొచ్చు. చాలా బ్రౌజర్లలో ఎఫ్‌12 మీట నొక్కితే పేజీ లోపలి కోడ్‌ కనిపిస్తుంది. అక్కడ శీర్షికలో అక్షరాలు మార్చితే తెర మీదా మారతాయి. పేజీ మళ్లీ తెరిస్తే అన్నీ యథాతథం.

ఆటగా బాగానే ఉంది. కానీ ఫలితాల పేజీలో 32 మార్కులు 92 కావడానికీ, ‘డబ్బు పంపాను, ఇదిగో చూడండి’ అంటూ లేని చెల్లింపు చూపించడానికీ, నాయకులు అనని మాటలు పత్రిక పేజీలో కనిపించడానికీ అర నిమిషం చాలు. ఆ తెరను ఫొటో తీసి వాట్సాప్‌లో పంపిస్తే పోల్చుకోవడం కష్టం. అందుకే స్క్రీన్‌షాట్‌ను సాక్ష్యంగా తీసుకోవద్దు. మార్కులైనా వార్తయినా సైటు చిరునామా మీరే కొట్టి చూసుకోవాలి. డబ్బు సంగతైతే ముందు మీ ఖాతాలో పడిందో లేదో చూడండి. సరుకు ఆ తర్వాతే చేతికివ్వండి!