ఇంద్రధనుస్సు చేపలు - బోరు నీరు

గాజుతొట్టిలో చేపలను పెంచదలచినవారు సాధారణముగా రంగులను చూచి చేపలను కొందురు. మొదట చూడవలసినది ఇంటి నీరు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతములలో నేల అడుగున చాలవరకు గ్రానైటు జాతి రాయి కలదు. రాతి పగుళ్లలో నిలిచిన నీరు కాల్షియము, మెగ్నీషియము లవణములను కరిగించుకొని, పలు బోరులలో కఠినజలముగా పైకి వచ్చును. సబ్బు నురుగు రాకపోవుట, కాచిన గిన్నెలో తెల్లని పొర కట్టుట దీని గుర్తులు.

మృదుజలమును కోరు డిస్కస్ వంటి చేపలకు ఈ నీరు సరిపడదు. ఆస్ట్రేలియా, న్యూగినీలకు చెందిన ఇంద్రధనుస్సు చేపలలో పెక్కింటికి ఇది హితము. వీనిని అంగళ్లలో రెయిన్‌బో చేపలందురు. ముందు సగము నీలముగా, వెనుక సగము నారింజ రంగుగా ఉండు బోసెమాన్ చేప న్యూగినీలోని అయమారు సరస్సుల ప్రాంతమునకు చెందినది. అది సున్నపురాతి సీమ. అచటి నీరు కొంచెము క్షారగుణము కలది. కాని ఈ చేప సుమారు 10 సెంటీమీటర్లు పెరుగును, వేగముగా ఈదును. దానికి 120 సెంటీమీటర్ల పొడవైన తొట్టి కావలెను.

క్రొత్తవారికి ప్రీకాక్స్ అను పొట్టి జాతి మేలు. అది సుమారు 6 సెంటీమీటర్లు మాత్రమే పెరుగును. నీటి మార్పులను చాలవరకు ఓర్చుకొనును. 90 × 30 × 40 సెంటీమీటర్ల తొట్టిలో 108 లీటర్ల నీరు పట్టును. అందు ఆరు చేపలు గుంపుగా సుఖముగా ఉండును. అంగడిలో పిల్లచేపలు వెలవెలబోయి కనిపించును. వయసుతోగాని రంగు రాదు.

ఇచట ఒక ప్రమాదము కలదు. చేపల విసర్జనము, మిగిలిన మేత అమోనియాను పుట్టించును. నీటికి క్షారగుణము, వేడి హెచ్చినకొలది దానిలో విషరూపమైన భాగము పెరుగును. అనగా చేపకు నచ్చిన నీరే, శుభ్రత తప్పినచో దానికి ప్రాణాంతకము. మేలుచేయు బాక్టీరియాలు అమోనియాను నైట్రైటుగను, పిదప అంత హానిలేని నైట్రేటుగను మార్చును. అవి వృద్ధిపొందుటకు చేపలను వేయకముందే వడపోత యంత్రమును నడుపుచు, రోజూ చిటికెడు మేత వేసి, నాలుగు నుండి ఆరు వారములు ఆగవలెను.

వేసవిలో నీరు ఆవిరియగును, లవణములు మిగులును. కావున తగ్గిన నీటిని నింపినంత చాలదు. వారమునకు నాలుగవ వంతు నీటిని మార్చవలెను.

విసుగు కలిగినను ఈ చేపలను జూరాల జలాశయములోగాని, ఊరి చెరువులోగాని విడువరాదు. గాజుతొట్టెలకై తెచ్చిన దక్షిణ అమెరికా సక్కర్ చేప బయటి నీటిలో చేరి, నేడు తెలుగునాట చెరువులలో, కాలువలలో వ్యాపించి, బెస్తల వలలను చించుచున్నది.