తాలూకా కళాశాలయు ఢిల్లీ ఖజానాయు

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల అను మూడు పట్టణములలో దేనియందైనను ఉదయవేళ బస్సుస్టాండు చెంత కొంతసేపు నిలిచి చూడుడు. పల్లెల నుండి వచ్చు బస్సులలో నుండియు ఆటోలలో నుండియు భుజమున సంచి తగిలించుకొని, చేత అన్నపు డబ్బాతో దిగు బాలురును బాలికలును గుంపులు గుంపులుగా కనబడుదురు. వీరిలో అనేకులు తమ వంశమున కళాశాల గడప త్రొక్కిన తొలి తరమువారు. సాయంకాలము మరల ఇల్లు చేరి పశువులకు మేత వేయవలసినవారును, మగ్గము చెంత తల్లికి చేయి సాయము పట్టవలసినవారును వీరిలో గలరు. వీరికి కళాశాల యనగా మద్రాసును గాదు, హైదరాబాదును గాదు. ఉదయము బయలుదేరి చీకటి పడకముందే తిరిగి రాగల దూరమున నున్నదే కళాశాల. అట్టి కళాశాలలకు ద్రవ్యసహాయ మొసగు శాసనములు ఢిల్లీలో ఎట్లు వ్రాయబడుచున్నవో, ఆ ధనము పెన్నాతీరము వరకు ఎందులకు పారుట లేదో విచారించుట నేటి మా యుద్దేశము.

ఈ విచారణకు తగిన కారణము గలదు. 2025 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వము 'వికసిత భారత శిక్షా అధిష్ఠాన్' అను పేర ఒక బిల్లును లోకసభలో ప్రవేశపెట్టెను. 1956 నాటి విశ్వవిద్యాలయ గ్రాంటుల సంఘపు చట్టమును రద్దుచేసి, ఆ సంఘమునకు మారుగా నియంత్రణమునకు, గుర్తింపునకు, ప్రమాణ నిర్ణయమునకు వేర్వేరు పరిషత్తులు గల ఒక సంస్థను నెలకొల్పుట దాని సంకల్పము. బిల్లు సంయుక్త పార్లమెంటరీ సంఘపు పరిశీలనకు పంపబడినది. సంస్థ పేరు మారుట మాకు ముఖ్యము గాదు. గ్రాంటు లిచ్చు అధికారము ఆ క్రొత్త సంస్థకు లేకపోవుటయే ముఖ్యము. 2018లో ప్రకటింపబడిన చిత్తు బిల్లు నందును ఇదే యేర్పాటు కనబడెను. పరీక్షించువా డొకడు, ధనమిచ్చువాడు వేరొకడు కావలెనని దీనిని సమర్థించువారు చెప్పుదురు. ఆ వాదమున న్యాయము లేకపోలేదు. అయినను, ధనమిచ్చుట చట్టబద్ధమైన సంఘము చేతినుండి మంత్రిత్వశాఖ చేతికి పోయినచో, తాలూకా కళాశాలకు శాసనమున ఏ హక్కు మిగులును? ఇది మా ప్రశ్న.

బాధ్యతను ఒకరికిచ్చి ధనాగారపు తాళపుచెవులను వేరొకరి యొద్ద నుంచుట మన దేశమునకు క్రొత్త గాదు. 1919 నాటి సంస్కరణల చట్టము విద్యను మన మంత్రుల కప్పగించి, ద్రవ్యశాఖను గవర్నరు కార్యనిర్వాహక సభయందే ఉంచినది. బడులు తెరువుడని ప్రజలు మంత్రుల నడుగుట, డబ్బు లేదని మంత్రులు చేతులు చాచుట నాటి నిత్యకృత్యము. స్వాతంత్ర్యము వచ్చిన పిదప రాజ్యాంగము విద్యను రాష్ట్రముల జాబితాలో నుంచి, ఉన్నత విద్యా ప్రమాణముల నిర్ణయమును మాత్రము కేంద్రపు జాబితాలోని 66వ పద్దుగా నిలిపెను. 1976లో చేసిన 42వ సవరణ విద్యను ఉమ్మడి జాబితాలోనికి తెచ్చెను. కేంద్రపు అధికారము అప్పుడు విస్తరించెను. దానితోపాటు కేంద్రపు ధనబాధ్యతయు విస్తరించెనా యని యడిగినచో సంతృప్తికరమైన సమాధానము రాదు. అధ్యాపకుని జీతము రాష్ట్రముదే; అతడు ఎట్లు బోధింపవలెనో నిర్ణయించుట మాత్రము ఢిల్లీది.

రాయలసీమవారికి ఈ న్యాయమున మరియొక పాత బాకీ గలదు. 1937 నవంబరు 16వ తేదీన మద్రాసులో శ్రీబాగ్ ఒడంబడిక కుదిరినప్పుడు, వాల్తేరుతోపాటు అనంతపురమునందును విశ్వవిద్యాలయ కేంద్రము నెలకొల్పవలెనన్నది ప్రధాన నిబంధనలలో నొకటి. నీటి తరువాత సీమవా రడిగినది విద్యయే. తిరుపతిలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయము 1954లోను, అనంతపురమున శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయము 1981లోను, కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయము 2006లోను వెలసినవి. అనగా ఒడంబడిక నాటినుండి కడప జిల్లాకు తన విశ్వవిద్యాలయము దక్కుటకు దాదాపు డెబ్బది యేండ్లు పట్టినది. విద్యాభిరుచి లేక ఈ జాప్యము కలిగెననుట సాహసము. ప్రొద్దుటూరు గడియారము వేంకటశేషశాస్త్రిగారిని, దుర్భాక రాజశేఖర శతావధానిగారిని, పుట్టపర్తి నారాయణాచార్యులవారిని పోషించిన ఊరు. ఇచట కొరవడినది సరస్వతి గాదు, సర్కారు.

ఇక ఢిల్లీ ధనము వచ్చు మార్గమును చూతము. 1956 చట్టమునకు 1972లో చేర్చిన 12బి అను విభాగము ప్రకారము, అర్హమైనదని ప్రకటింపబడని సంస్థకు కేంద్ర నిధులనుండి గ్రాంటు రాదు. ఆ ప్రకటన పొందిన కళాశాలకు పంచవర్ష ప్రణాళికల కాలమున భవనమునకో, పుస్తకములకో, ప్రయోగశాలకో కొంత సహాయ మందుచుండెను. 2013లో 'రూసా' యను రాష్ట్రీయ ఉచ్చతర శిక్షా అభియాన్ వచ్చెను. దీనిచే రాష్ట్ర కళాశాలలకు రావలసిన కేంద్రధనము రాష్ట్ర ప్రభుత్వము మీదుగా వచ్చు పద్ధతి యేర్పడెను. మొదట నూటికి 65 వంతులు కేంద్రము, 35 వంతులు రాష్ట్రము భరింపవలెననిరి; పిమ్మట అది 60, 40 వంతులుగా మారెను. ఈశాన్య, హిమాలయ రాష్ట్రములకు మాత్రము 90, 10 వంతులు. 2023లో ఇదే పథకము 'ప్రధానమంత్రి ఉచ్చతర శిక్షా అభియాన్' అను పేరుతో మారి, 2025-26 వరకు మూడు సంవత్సరములకు 12,926.10 కోట్ల రూపాయలతో ఆమోదింపబడెను.

సంఖ్య పెద్దదిగా వినబడును. 2021-22 నాటి అఖిల భారత ఉన్నత విద్యా సర్వే ప్రకారము దేశమున 1,168 విశ్వవిద్యాలయములు, 45,473 కళాశాలలు గలవు. విశ్వవిద్యాలయములను ప్రక్కకు నెట్టి, ఈ మొత్తమును కళాశాలలకే సమముగా పంచితిమనుకొనినను ఒక్కొక్క దానికి మూడేండ్లకు ఇరువది యెనిమిది లక్షల చిల్లర, ఏటికి పది లక్షలకు లోపు వచ్చును. అన్ని కళాశాలలును ఈ ధనమునకు అర్హములు గావను మాట నిజమే. సమముగా పంచు ఉద్దేశమును ఎవరికి లేదు. ఎన్నుకొనబడిన విశ్వవిద్యాలయమునకు 100 కోట్లు, ఎన్నుకొనబడిన కళాశాలకు 5 కోట్లు, తక్కినవానికి శూన్యము. ఎన్నిక యెట్లు? 'న్యాక్' గుర్తింపు, అధ్యాపక నియామకములు, రాష్ట్ర ప్రభుత్వపు హామీ మున్నగునవి చూతురు. పట్టణపు పెద్ద కళాశాలకు గుర్తింపు సులభము. అధ్యాపకులు చాలక, గ్రంథాలయము పెరగక కుంటువడు చిన్న కళాశాలను, నీవు ముందు పరుగెత్తి చూపుము, పిదప కాలికి మందిత్తుమనుట ఉట్టి కెగురలేని దానిని స్వర్గమున కెగురు మనుట గాదా? లేమి గలచోటికి ధనము పోవలెనన్న ఉద్దేశముతో పుట్టిన పథకము కలిమి గలచోటికే పోవుట ఇట్లు సంభవించుచున్నది. ఇక రాష్ట్రము తన 40 వంతులు సకాలమున ఈయనిచో, దేవుడు వరమిచ్చినను పూజారి వరమీయడన్న సామెతయే సిద్ధించును. ఇరు ప్రభుత్వముల తగవున నష్టపడునది వాటిలో దేనికిని ఉత్తరము వ్రాయనేరని విద్యార్థిని.

ఇచట ఇంకొక తారతమ్యమును చెప్పక తప్పదు. 2014 నాటి ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టపు పదమూడవ అనుబంధమును బట్టి తిరుపతిలో ఐ.ఐ.టి., అనంతపురమున కేంద్రీయ విశ్వవిద్యాలయము, కర్నూలున ఐ.ఐ.ఐ.టి. మొదలగు విద్యాసంస్థలు వచ్చినవి. వానిని కేంద్రమే పోషించును, మేము సంతోషించుచున్నాము. అదే అనుబంధమున కడప జిల్లాకు దక్కినది ఉక్కు కర్మాగారపు సాధ్యాసాధ్యములను ఆరు మాసములలో పరిశీలింపవలెనను వాక్యము. శాసనమున వ్రాసి యిచ్చిన మాటయే యిట్లు నడచినప్పుడు, శాసనమున వ్రాయని మంత్రిత్వశాఖ దయను నమ్ముకొను మనుట ఈ జిల్లావారికి రుచింపకుండుటలో వింత లేదు.

చిన్న పట్టణపు కళాశాలను దేశపు విద్యావిధానమునకు పునాదిరాయిగా చేసికొనిన రాజ్యములు గలవు. అమెరికాలో 1901లో ఇలినాయి రాష్ట్రపు జోలియెట్ పట్టణమున ఇట్టి రెండేండ్ల కళాశాల వెలసెను. 1947లో అధ్యక్షుడు ట్రూమన్ నియమించిన సంఘము వీనినే 'కమ్యూనిటీ కాలేజీలు' అని పేర్కొని దేశమంతట వ్యాపింపజేయవలెనని సిఫారసు చేసెను. వాని నిర్వహణ వ్యయము ముఖ్యముగా రాష్ట్రముల, స్థానిక పన్నులదే. 1965 నాటి ఉన్నత విద్యా చట్టము క్రింద 1972లో ఏర్పడి, పిదప సెనేటరు పెల్ పేర ప్రసిద్ధమైన గ్రాంటు మాత్రము కేంద్రమునుండి పేద విద్యార్థి వెంట నడచి వచ్చును. కొలది వారముల వృత్తిశిక్షణకును ఆ గ్రాంటు 2026 జూలై 1 నుండి వర్తించునట్లు 2025లో అచట శాసనము చేసిరి. అమెరికాను అనుకరింపుడని మేము చెప్పుట లేదు; అచట విద్యార్థుల అప్పులు ఎంత భారమో లోకవిదితము. అయితే వారి యేర్పాటులో ఒక గుణము గలదు: సహాయము పథకముతో పుట్టి పథకముతో చచ్చునది గాదు, చట్టములో నాటుకొనినది. మనకును అట్టి ఉదాహరణము లేకపోలేదు. షెడ్యూల్డు కులముల విద్యార్థులకు మెట్రిక్ తరువాతి ఉపకారవేతనములు 1944 నుండియే గలవు. ప్రభుత్వములు మారినను అవి నిలిచినవి.

మన దేశమున 1995లో పుదుచ్చేరిలో తొలి సముదాయ కళాశాల మొలకెత్తెను. 2013లో గ్రాంటుల సంఘము సముదాయ కళాశాలల పథకమును ప్రారంభించి, కొన్ని కళాశాలలలో వృత్తివిద్యకు ధనమిచ్చెను. భావము శ్లాఘ్యము. కాని ధనము కాలావధి గలది. గడువు తీరిన పిదప బోధకుని జీతమునకు దిక్కెవరు? మన మూడు పట్టణములలో ఇట్టి విద్యకు విషయ దారిద్ర్యము లేదు. ప్రొద్దుటూరున బంగారుపని, నేత, వస్త్రవర్తకము గలవు. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల ప్రాంతమున నాపరాయి, సిమెంటు కర్మాగారములు గలవు. గండికోట చూడవచ్చు యాత్రికులు గలరు. పులివెందులలో చీనీ, అరటి తోటలు గలవు. రాతిగనిలో ప్రాణరక్షణము, చీనీ చెట్టు తెగుళ్లు, నూలు రంగులు, యంత్రముల మరమ్మతు, లెక్కల వ్రాత - వీనిలో నేది తాలూకా కళాశాలకు తగని విద్య? ఈ పనులకు కావలసినది ఒక శాశ్వత బోధకుడు, ఒక ప్రయోగశాల, పదియేండ్లు తప్పక వచ్చునను నమ్మకము గల కొలది ధనము. పదికోట్ల భవనము కాదు.

ఇదిట్లుండగా 2020 జాతీయ విద్యావిధానము ఉన్నత విద్యాసంస్థలు మూడువేలు, అంతకు మించిన విద్యార్థులు గల బహుశాస్త్ర సంస్థలుగా మారుట లక్ష్యమని చెప్పుచున్నది. పెద్ద సంస్థలలో శాస్త్రముల సమ్మేళనము జరుగుననుట సత్యమే. కాని మూడువేల మందిని పోగుచేయుటకు చిన్న కళాశాలలను పెద్దవానిలో విలీనము చేసినచో ఏమగును? పులివెందుల నుండి కడపకు సుమారు 70 కిలోమీటర్లు. మగపిల్లవాడు పట్టణమున గది తీసికొని చదివిన చదువును. ఆడపిల్ల విషయమున, 'ఊరిలో నుండినదాక చదివించితిమి, ఇక చాలును' అని తండ్రి యనును. మరుసటి యేడు పెండ్లి. లెక్కలలో ఇది విలీనమని నమోదగును; ఇంటిలో ఇది చదువు ఆగిపోవుట.

నిబంధనలు లేని ధనము దుర్వినియోగమగునని కొందరు వాదింతురు. మేమును నిబంధనలు వలదనము. బోధకులు లేని కళాశాలకు రంగులు వేయుటకు కోట్లు పోయుట మాకును సమ్మతము గాదు. కాని నిబంధన మెట్టు కావలెను, గోడ కారాదు. కావున కేంద్ర శాసనమున ఈ క్రింది మార్పులు రావలెనని మా యభిప్రాయము. కళాశాలలకు గ్రాంటు లిచ్చు పనిని చట్టబద్ధమైన, రాష్ట్రములకు స్థానము గల ఒక సంఘమున కప్పగింపవలెను. వెనుకబడిన ప్రాంతపు ప్రభుత్వ కళాశాలకు గుర్తింపు పొందుటకు ముందే, ఆ గుర్తింపు కొరకే, నియతమైన కనీస సహాయము హక్కుగా నుండవలెను. రాష్ట్రము తన వంతు జాప్యము చేసినచో కేంద్రపు వంతు ఆగరాదు. కళాశాల చిన్నదా పెద్దదా యని కాక, అది మూతపడినచో విద్యార్థిని ఎంత దూరము పోవలసివచ్చునో కొలమానము కావలెను. జాతీయాదాయమున నూటికి ఆరు వంతులు విద్యకు వ్యయింపవలెనని 1966లో కొఠారీ సంఘము చెప్పెను. 2020 విధానము మరల అదే చెప్పెను. ఒకే మాటను ఏబది నాలుగేండ్ల తరువాత మరల చెప్పవలసివచ్చుట చాలు, మన శ్రద్ధ యెంతటిదో తెలియుటకు.

మనవారి బాధ్యతయు గలదు. ఖాళీ యుద్యోగములు నింపుట రాష్ట్ర ప్రభుత్వపు ధర్మము; అందుకు ఢిల్లీని నిందించి ప్రయోజనము లేదు. 2021లో ఎయిడెడు కళాశాలలను అప్పగింపుడని ప్రభుత్వ మడిగినప్పుడు విద్యార్థులును తలిదండ్రులును వీథిలోనికి వచ్చిరి. ఆ నవంబరులోనే ప్రభుత్వము పట్టు సడలించెను. ప్రజల నోటికి బలము గలదని అది చాటినది. సంయుక్త సంఘమున ఎవ రేమి వాదించుచున్నారో మన పార్లమెంటు సభ్యులను అడుగు హక్కు ప్రొద్దుటూరి నేతగానికిని, జమ్మలమడుగు రాతికూలికిని గలదు.

కె.సి. కాలువ చివరి ఆయకట్టు రైతునకు ఒక సత్యము తెలియును. తూము నెత్తి నీళ్లు విడిచితిమని ఎగువ నధికారి ఎన్ని లెక్కలు చూపినను, తన మడిలో తడి లేనిచో ఆ నీరు తనకు రానట్లే. ఢిల్లీలో కోట్లు విడుదలయ్యెనను వార్తను మేమును ఇట్లే కొలుతుము. బస్సు దిగి నడచుచున్న ఆ బాలిక తరగతిలోనికి పోయినప్పుడు అచట ఉపాధ్యాయుడు గలడా? బల్లమీద పరికరము గలదా? ఆ రెండును ఉన్ననాడే కాలువ పారినదని ఒప్పుకొందుము.