రూటర్ మెషిన్ దుమ్ముకి చెక్: మేడారంలో మా మామ వర్క్‌షాప్‌లో ఏం పనిచేసింది, ఏం పనిచేయలేదు

ఫోన్ కొనేటప్పుడు ఐపీ68 ఉందా లేదా అని పదిసార్లు చూస్తాం. అందులో 6 అంకె అంటే దుమ్ము లోపలికి అస్సలు వెళ్ళదని అర్థం. మన ఊపిరితిత్తులకి మాత్రం ఏ రేటింగూ లేదు. మేడారంలో మా మామ వడ్రంగం పని చేస్తాడు. ఆయన షెడ్డుకి వెళ్ళినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఇదే. రూటర్ ఆన్ చేసిన రెండు నిమిషాల్లో నా ఫోన్ స్పీకర్ గ్రిల్ నిండా టేకు పొడి. ఆయన ముక్కుకి ఒక తువ్వాలు, అంతే.

"ఏం గాదు అల్లుడా, ముప్పై ఏండ్ల సంది గిట్లనే జేస్తున్న" అన్నాడు. అంటూనే దగ్గాడు.

ఇది మామూలు దుమ్ము కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం ఐఏఆర్‌సీ 1995లోనే చెక్క దుమ్ముని గ్రూప్ 1లో పెట్టింది. అంటే మనుషుల్లో క్యాన్సర్ తెస్తుందని రుజువైన జాబితా. ముఖ్యంగా ముక్కు లోపలి భాగాలకి ప్రమాదం. పైగా టేకు పొడి కొందరికి చర్మం మీద దురదలు, దద్దుర్లు తెస్తుంది. ఎండీఎఫ్ అయితే పొడితో పాటు జిగురు కూడా లోపలికి పోతుంది.

రంపం కన్నా రూటర్ ఎందుకు ఎక్కువ ఇబ్బంది? స్పీడ్ వల్ల. మన దగ్గర చాలా షాపుల్లో కనిపించే బాష్ జీకేఎఫ్ 550 లాంటి ట్రిమ్మర్ నిమిషానికి 33,000 సార్లు తిరుగుతుంది, అంటే సెకనుకి 550. 12 ఎంఎం బిట్ వేస్తే దాని అంచు దాదాపు గంటకి 75 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంది. పొట్టు ఆ ఊపులో ఎగిరిపోతుంది, సన్నటి పొడి గాలిలో తేలుతూ ఉండిపోతుంది. మనకి కనపడేది పొట్టు, లోపలికి పోయేది పొడి.

మొదట మేం చేసిన తప్పు చెప్తా. వ్యాక్యూమ్ పైపుని బిట్‌కి జానెడు దూరంలో పట్టుకుని ఆన్ చేశాం. ఏమీ లాగలేదు. పైపు నోరు ఎంత వెడల్పో అంత దూరం వెళ్ళేసరికే గాలి వేగం సుమారు పదో వంతుకి పడిపోతుంది. 35 ఎంఎం పైపు అయితే 35 ఎంఎం దూరంలోనే కథ ముగిసింది. అందుకే ఎంత పవర్‌ఫుల్ వ్యాక్యూమ్ కొన్నారన్నది తర్వాత సంగతి, పైపు బిట్ పక్కనే ఉందా అన్నదే అసలు ప్రశ్న.

దాంతో మెషిన్ బేస్ చుట్టూ పాలీకార్బొనేట్ షీట్‌తో చిన్న గూడులా కట్టి, పక్కన పైపు బిగించాం. గూడు బిట్‌కి, కాలెట్‌కి తగలకుండా ప్లగ్ తీసి చేత్తో తిప్పి చూసుకోవాలి. గాడి తీసే పనిలో ఫలితం బాగుంది. అక్కడ అప్‌కట్ స్పైరల్ బిట్ వాడితే పొట్టు పైకి, నేరుగా పైపు నోట్లోకి వస్తుంది. డౌన్‌కట్ బిట్ అయితే గాడిలోనే కుక్కేస్తుంది. లోతు ఒకేసారి కాకుండా రెండు మూడు విడతల్లో తీస్తే ఇంకా నయం.

అంచు మోల్డింగ్ దగ్గర మాత్రం నిరాశే. బిట్ సగం బయట గాలిలోనే తిరుగుతుంది, గూడు ఒక పక్క తెరిచే ఉంటుంది. ఎదురుగా మెషిన్‌తో పాటు కదిలే ఇంకో చిన్న హుడ్ పెడితే కొంత ఆగింది, పూర్తిగా కాదు. (సీఎన్‌సీ మెషిన్లకి బ్రష్ ఉన్న డస్ట్ షూ ఉంటుంది. చేత్తో పట్టుకునే మెషిన్‌కి ఆ సౌకర్యం ఎక్కడిది!)

వ్యాక్యూమ్‌కి ముందు 20 లీటర్ల పెయింట్ బకెట్ మీద సైక్లోన్ మూత పెట్టండి. పొట్టంతా బకెట్‌లోనే పడుతుంది, ఫిల్టర్ మూసుకుపోదు. మూత గాలి చొరకుండా గట్టిగా ఉండాలి. పల్చటి బకెట్ అయితే పైపు అడ్డుపడినప్పుడు లోపలికి నొక్కుకుపోతుంది, మాది ఒకటి అలాగే పోయింది. పైపుని, కరెంటు వైరుని కలిపి పైకప్పుకి తాడుతో వేలాడదీస్తే మెషిన్ చేతిలో లాగినట్టు ఉండదు. ప్లాస్టిక్ పైపులో పొడి పరుగెత్తితే చిన్న షాకులు కొడతాయి కాబట్టి యాంటీస్టాటిక్ పైపు అడిగి కొనండి.

ఫిల్టర్ దగ్గర మాత్రం కక్కుర్తి పడొద్దు. గుడ్డ సంచి ఉన్న చవక వ్యాక్యూమ్ పొట్టుని పట్టుకుని, సన్నటి పొడిని వెనక నుంచి గదిలోకే ఊదుతుంది. యూరప్ ప్రమాణాల్లో ఎల్ క్లాస్ 1 శాతం లోపు, ఎం క్లాస్ 0.1 శాతం లోపు దుమ్మునే బయటికి వదలాలి. చెక్క పనికి ఎం క్లాస్ సరైనది. ఖరీదే, ఎంట్రీ లెవల్ ట్రిమ్మర్ కంటే దీనికే ఎక్కువ అవుతుంది. అది కుదరకపోతే హెపా ఫిల్టర్ పడే మోడల్ చూడండి. ఏది కొన్నా ఎన్95 మాస్క్ మాత్రం మానొద్దు.

మామ బ్లోవర్‌తో షెడ్డు ఊదడం మానేశాడు, అదే నాకు పెద్ద విజయం. మాస్క్ మాత్రం ఇప్పటికీ గడ్డం కిందే ఉంటుంది. బకెట్ నిండగానే అత్తమ్మ పొట్టు పొయ్యికి తీసుకెళ్తోంది. ఆ పొగ సంగతి ఇంకా మాట్లాడలేదు.