ధ్యానంలో మనసు ఎటు పోతుంది?

కోయంబత్తూరు పీలమేడులో తరతరాలుగా ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే కుటుంబాలున్నాయి. అలాంటి ఇంట్లో ఒక పెద్దాయన తెల్లవారుజామున పూజగదిలో కళ్లు మూసుకుని ఊపిరిని గమనిస్తున్నాడనుకుందాం. కాసేపటికే పంపుసెట్ల వ్యాపారంలో రావలసిన బాకీ గుర్తొస్తుంది. బాకీ నుంచి బాకీదారు, అతని కొడుకు పెళ్లి, ఆ పెళ్లిలో ఎవరో అన్న మాట. ఆ మాటకు ఇప్పుడు జవాబు కూడా సిద్ధమవుతుంది. అంతదూరం వెళ్లిపోయినట్టు మాత్రం ఆయనకు తెలియదు.

మెదడు మన బరువులో 2 శాతమే, అయినా శరీరం ఖర్చుచేసే శక్తిలో దాదాపు 20 శాతం వాడుకుంటుంది. ఏదైనా పనిమీద దృష్టి పెడితే ఆ ఖర్చు పెరిగేది 5 శాతం లోపే. ఊరికే కూర్చున్నా లోపల పని నడుస్తూనే ఉంటుందన్నమాట. పని లేనప్పుడు చురుగ్గా ఉండి, పని పడగానే తగ్గే మెదడు భాగాల తీరుకు మార్కస్ రైకిల్ బృందం 2001లో ‘డిఫాల్ట్ మోడ్’ అని పేరు పెట్టింది. జరిగినదాన్ని తలచుకోవడం, జరగబోయేదాన్ని ఊహించడం, మనల్ని ఎవరేమనుకుంటున్నారో బేరీజు వేయడం ఈ భాగాలకు అలవాటైన పని. ఊపిరి మనల్ని ఏమీ అడగదు, కొత్తగా ఏమీ చెప్పదు. అందుకే ఆ పని అంత సులువుగా మొదలైపోతుంది.

అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయంలో వెండీ హాసెన్‌క్యాంప్ బృందం ధ్యానం అలవాటున్న 14 మందిని స్కానర్‌లో పడుకోబెట్టి, మనసు తప్పిపోయినట్టు తెలిసిన క్షణాన మీట నొక్కమంది. 2012లో ఫలితాలు వచ్చాయి. మనసు తిరుగుతున్నంతసేపూ డిఫాల్ట్ భాగాలు పనిచేశాయి. తెలిసిన క్షణంలో ముఖ్యమైనదాన్ని పసిగట్టే మరో వ్యవస్థ మేల్కొంది. ఆ తర్వాత దృష్టిని మళ్లించే భాగాలు అందుకున్నాయి. నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ఆ తెలిసిన క్షణమే. చాలామంది దాన్నే ఓటమి అనుకుని ధ్యానం మానేస్తారు.

ఆ క్షణాన్ని ఏం చేసుకోవాలో చెప్పే ఉపదేశం ఒకటి స్కానర్‌కు ముందే ఉంది. మదురైలో నాయక రాజుల కాలాన్ని గుర్తుచేసే పేరున్న చొక్కప్ప నాయకన్ వీధిలో, 1896లో, 16 ఏళ్ల వెంకటరామన్‌కు మరణానుభవం కలిగింది. ఆయనే తర్వాత రమణ మహర్షి. తమిళంలో చెప్పిన ఉపదేశాన్ని తెలుగులోకీ తెచ్చారు. ఆలోచన వస్తే దాని వెంట పడకుండా, అది ఎవరికి వచ్చిందో విచారించమన్నారు. స్కానర్ ఆయన మాటను రుజువు చేయలేదు, చేయాల్సిన అవసరమూ లేదు. కానీ ఆ ప్రశ్న వేయాలంటే ముందు ఆలోచన వచ్చిందని గమనించాలి.

పీలమేడు పెద్దాయన బాకీ గుర్తొచ్చిందని గమనించాక తనను తాను తిట్టుకోకపోతే మంచిది. ఆ తిట్టు కూడా ‘నేను’ గురించిన ఆలోచనే. దానితో మళ్లీ పెళ్లిపందిరి దాకా వెళ్లిపోవచ్చు.