జ్ఞానోదయం కోసం అన్నీ వదిలేస్తే, ఆ ఖర్చు ఎవరి మీద పడుతుంది?

ఈ ఎపిసోడ్‌లో కొంచెం ఇబ్బందిపెట్టే ప్రశ్న తీసుకుందాం. ఉద్యోగం, పెళ్లి, ఇల్లు అన్నీ పక్కన పెట్టి జ్ఞానోదయం వెంట పడితే, పోగొట్టుకున్నదానికి తగ్గది దక్కుతుందా? "అంతకన్నా గొప్పదేముంది, వెళ్లిపో" అనేవాళ్లున్నారు. "అదంతా బాధ్యతలు తప్పించుకోవడమే" అనేవాళ్లూ ఉన్నారు. నిజంగా వెళ్లినవాళ్ల జీవితాల్లో ఏం జరిగిందో ముందు చూద్దాం.

మొదట సిద్ధార్థుడు. బౌద్ధ సంప్రదాయం చెప్పేదాని ప్రకారం 29 ఏళ్ల వయసులో ఇల్లు వదిలాడు. అప్పటికి కొడుకు రాహులుడు పసిబిడ్డ. భార్య యశోధరకు చెప్పకుండా రాత్రిపూట వెళ్లిపోయాడు. ఆరేళ్లు తపస్సు చేశాడు, తిండి మానేసి ఎముకల గూడు అయిపోయాడు. చివరికి, ఒంటిని హింసిస్తే జ్ఞానం రాదని తెలుసుకున్నాడు. సుజాత పెట్టిన పాయసం తిన్నాకే బోధి చెట్టు కింద కూర్చున్నాడు. అంటే ఎంత బాధపడితే అంత జ్ఞానం అనే లెక్కేమీ లేదన్నమాట.

చాలామందికి తెలియని భాగం దీని తర్వాత ఉంది. బుద్ధుడయ్యాక ఆయన కపిలవస్తుకు తిరిగొచ్చాడు. యశోధర కొడుకును పిలిచి, వెళ్లి మీ నాన్నని నీ వారసత్వం అడుగు అని పంపింది. పిల్లాడు వెంటపడి అడిగితే, బుద్ధుడు అతన్ని సంఘంలో చేర్పించాడు. తాత శుద్ధోదనుడు కుమిలిపోయాడు. ముందు పెద్ద కొడుకు, తర్వాత నందుడు, ఇప్పుడు మనవడు! ఇకమీదట తల్లిదండ్రుల అనుమతి లేకుండా ఏ బిడ్డనీ చేర్చుకోవద్దని బుద్ధుణ్ణి కోరాడు. బుద్ధుడు ఒప్పుకుని దాన్ని నియమం చేశాడు. అది వినయపిటకంలో ఉంది. అప్పులున్నవాణ్ణి చేర్చుకోకూడదనే నియమం కూడా అక్కడే ఉంది. అంటే మనం వదిలేసి వెళ్తే ఆ భారం ఇంట్లోవాళ్ల మీద, అప్పిచ్చినవాళ్ల మీద పడుతుందని సంఘమే గుర్తించింది.

ఇప్పుడు మనకు దగ్గరి కాలానికి వద్దాం. 1896లో మధురైలో వెంకటరామన్ అనే 16 ఏళ్ల స్కూలు కుర్రాడు. అన్నయ్య తన కాలేజీ ఫీజు కట్టమని ఐదు రూపాయలు తీసుకెళ్లమంటే, మూడు తీసుకుని అరుణాచలానికి బయల్దేరాడు. ఫీజు కట్టలేదని చీటీ రాసి, మిగతా రెండు రూపాయలూ దాంతోపాటే పెట్టాడు. ఆయనే రమణ మహర్షి. తండ్రి అప్పటికే లేడు. 1898లో తల్లి అళగమ్మాళ్ వెతుక్కుంటూ వచ్చి, ఇంటికి రమ్మని ఏడ్చి బతిమాలింది. ఆయన నోరు విప్పలేదు. జరగాల్సింది జరుగుతుందనే అర్థం వచ్చేలా కాగితం మీద రాసిచ్చాడు. ఆయన్ని తీసుకెళ్లలేక ఆమె వెనక్కి వెళ్లింది. 1916లో మళ్లీ వచ్చి కొడుకు దగ్గరే ఉండిపోయింది. 1922లో ఆమె చనిపోయే రోజు ఆయన పక్కనే కూర్చున్నాడు. ఈ రోజు మనం చూసే రమణాశ్రమం ఆ తల్లి సమాధి దగ్గరే పెరిగింది.

వినడానికి బాగుంది కదా? కానీ 1898కీ 1916కీ మధ్య 18 ఏళ్లున్నాయి. ఆ ఏళ్లు ఆమెకు ఎవరు తిరిగిస్తారు? ఇంకో సంగతి కూడా ఉంది. మనకు తెలిసినవి అందుకున్నవాళ్ల కథలే. ఇల్లు వదిలి, ఏమీ దొరక్క, తిరిగి రావడానికి మొహం చెల్లక ఉండిపోయినవాళ్ల కథలు ఎవరూ రాయలేదు. సంసారం వదిలేస్తామని వచ్చినవాళ్లను రమణులు పెద్దగా ప్రోత్సహించలేదు కూడా. ఎక్కడికి పోయినా మీ మనసు మీ వెంటే వస్తుంది, పని దానితోనే అనేది ఆయన ధోరణి.

మరి చివరికి వర్తా, కాదా? నా సమాధానం ఇది. ఆ ఖర్చు మీ సొంతమైతే వర్తే. మీ నిద్ర, మీ సరదాలు, మీ ప్రమోషన్... ఇవి మీవి, వదులుకునే హక్కు మీకుంది. అమ్మ మందుల డబ్బు, పిల్లల చదువు, ఫ్రెండ్ దగ్గర తెచ్చిన అప్పు మాత్రం మీవి కావు. వాటిని వదిలేసి దానికి త్యాగం అని పేరు పెట్టుకోలేం.

ఇంకో రెండు మాటలు. ఇంట్లోవాళ్లతో మాట్లాడొద్దు, ఆస్తి రాసిచ్చెయ్ అని ఏ గురువైనా తొందరపెడితే, శుద్ధోదనుడి మాట విని బుద్ధుడు పెట్టిన నియమాన్ని గుర్తు తెచ్చుకోండి. బ్రేకప్ వల్లో, పరీక్ష పోవడం వల్లో అన్నీ వదిలేయాలనిపిస్తుంటే, ఆ నిర్ణయం కొన్నాళ్లు వాయిదా వేయండి. ముందు నమ్మకమైన మనిషితో మాట్లాడండి, అవసరమైతే డాక్టర్‌ని కలవండి. నొప్పి తగ్గాక కూడా ఆ కోరిక అలాగే ఉంటే, అప్పుడు దాన్ని సీరియస్‌గా తీసుకోవచ్చు. అప్పుడు కూడా ముందు రోజుకో అరగంట ఫోన్ పక్కన పెట్టి కూర్చోవడంతో మొదలుపెట్టండి. దానికి ఇల్లు వదలక్కర్లేదు.

మీ ఇంట్లో అళగమ్మాళ్ ఎవరో ఒకసారి ఆలోచించండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.